7/8 డెమో తడబడుతోంది, మృదంగం ట్రాక్ విడిపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నా?

చిట్టితాళం
షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కుర్రాళ్లు కొందరు శాంపిల్స్ అడిగారు. ఒక్కోటి 30 సెకన్లు, మొత్తం ఐదు ముక్కలు. ఐదూ ఐదు తాళాల్లో చేసిస్తానని నేనే గొప్పకి పోయి ఒప్పుకున్నా. 4/4, 3/4, 6/8, 5/4, 7/8 (పై అంకె బార్‌లో, అంటే ఒక ఆవృతంలో, ఎన్ని దెబ్బలో; కింది అంకె ఏ నోటో: 4 అంటే క్వార్టర్ నోట్, 8 అంటే దానిలో సగం, ఎయిత్ నోట్). మొదటిది ఒక శనివారం మధ్యాహ్నానికే అయిపోయింది. మిగతా నాలుగింటితో మూడు వారాలుగా కుస్తీ పడుతున్నా.

అన్నిటికన్నా 7/8 పెద్ద తలనొప్పి. 140 బీపీఎం (నిమిషానికి 140 క్వార్టర్ నోట్లు), 20 బార్లు, లెక్క ప్రకారం సరిగ్గా 30 సెకన్లు. 4/4 డ్రమ్ లూప్ ఒకటి తీసుకుని చివర ఒక ఎయిత్ నోట్ కోసేశా. విన్నవాళ్లంతా పాట మెట్టు తప్పి జారినట్టుంది అంటున్నారు. గిటార్ వాయించిన ఫ్రెండ్ మాత్రం బ్రహ్మాండం అంటాడు. దాని మీద విజయవాడలో ఉన్న మా తమ్ముడు (చిన్నాన్న కొడుకు) మృదంగం వాయించి పంపాడు. అది పెడితే రెండో బార్‌కే రెండూ రెండు దారులు. లయ తప్పావురా అని ఫోన్లో నాలుగు తిట్టాను, వాడు అలిగి మాట్లాడటం లేదు.

ఇంకోటి, 3/4 డెమో, 6/8 డెమో పక్కపక్కన వింటే నాకే తేడా తెలియట్లేదు.

రీపర్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) వాడతాను. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, మియాపూర్ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, బీరువా పక్కన రెండు బొంతలు కట్టిన మూల, అదే స్టూడియో. ఇలాంటివి చేసేటప్పుడు క్లిక్ (మెట్రోనోమ్ టిక్ టిక్) ఎలా పెట్టుకుంటారు? ఐదూ ఒకే ప్రాజెక్ట్‌లో చేస్తారా, విడివిడిగానా?

ఊరికే_చదువుతా
"గొప్పకి పోయి" అన్నారు చూడండి, సమస్య అక్కడే ఉంది. నేనైతే ఐదూ 4/4లో చేసి ఐదు పేర్లు పెట్టేవాణ్ణి.

రాత్రిస్టూడియో
ముందు లూప్ సంగతి. 4/4 లూప్‌లో ఎయిత్‌లు లెక్కపెట్టండి. కిక్ (లోతైన పెద్ద డ్రమ్) 1, 5 మీద, స్నేర్ (పటపటలాడే డ్రమ్) 3, 7 మీద ఉంటుంది కదా. ఎనిమిదోది కోసేస్తే ఏడు మీద స్నేర్ పడిన వెంటనే, ఊపిరి తీసుకునే టైమ్ లేకుండా, తర్వాతి బార్ కిక్ వచ్చి మీద పడుతుంది. మీవాళ్లు "జారినట్టుంది" అంటున్నది ఆ జాయింట్‌నే. చెవికి ఏడు వినపడట్లేదు, ఎనిమిదిలో ఒకటి పోయినట్టు వినపడుతోంది.

పైగా కోసిన చోట సింబల్ తోక కూడా తెగుతుంది, అక్కడ ప్రతి బార్‌కీ "టిక్" అంటుంది. లూప్ వదిలేసి కిక్, స్నేర్ విడి శాంపిళ్లతో మీరే ఏడు గళ్లు నింపుకోండి. పది నిమిషాల పని.

లూప్‌రాజా
లూప్ కోయడం అంత పాపమేం కాదండీ. కోసిన చోట 5-10 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరిగేలా కలపడం) ఇస్తే టిక్ పోతుంది. రెండో స్నేర్‌ని స్లైస్ చేసి ఏడు మీద నుంచి ఆరు మీదకి జరిపితే ఊపిరి కూడా వస్తుంది. నేను ఇలా చేసిన ముక్కలు అమ్ముడుపోయాయి కూడా.

రాత్రిస్టూడియో
స్లైస్ చేసి జరిపాక అది లూప్ ఎందుకవుతుంది, నేను చెప్పిందేగా మీరు చేసింది.

లూప్‌రాజా
అవును, కానీ సౌండ్ మిక్స్ అయిపోయి వస్తుంది. విడి శాంపిళ్లతో ఆ గది గాలి రాదు. సోమరితనం అనుకోండి, నాకు అభ్యంతరం లేదు.

విజీనగరం_వీణ
చిట్టితాళం, మీ గిటార్ స్నేహితుడు ఏడుని ఎలా లెక్కపెడుతున్నాడో అడిగారా? మీ తమ్ముడు మృదంగం నేర్చుకున్నవాడు కాబట్టి ఏడు అనగానే మిశ్రచాపు పట్టుకుని ఉంటాడు. అంటే తకిట తకధిమి, 3+4. చేత్తో తాళం వేసినా 4 మీద, 6 మీద దెబ్బలు పడతాయి. గిటార్ అబ్బాయి వేరే రకంగా వాయిస్తుంటే ఇద్దరూ తప్పు లేకుండా వాయించినా కలవదు.

చిట్టితాళం
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా టీచర్ గారూ. "ఒన్ టూ, ఒన్ టూ, ఒన్ టూ త్రీ" అంటున్నాడు. 2+2+3.

విజీనగరం_వీణ
అదే. అతని ఒత్తులు 1, 3, 5 మీద. మీ తమ్ముడివి 1, 4, 6 మీద. మొదటి దెబ్బ తప్ప ఇంకెక్కడా ఇద్దరూ ఎదురుపడరు.

అలాగని గిటార్ అబ్బాయిది తప్పు అనను. 2+2+3 అంటే 4+3యే, అది మనకీ ఉంది, విలోమ చాపు అంటారు. శ్యామశాస్త్రి గారు దానికి పేరుపడ్డారు. పిల్లలకి నేర్పేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి పాడిస్తే మొదట్లో నవ్వుతారు, తర్వాత అందరికంటే ముందు వాళ్లే పట్టేస్తారు. మీరు చేయాల్సిందల్లా ఇద్దరిలో ఎవరి లెక్క ఉంచాలో ముందు తేల్చుకుని రెండోవాళ్లకి చెప్పడం.

డల్లాస్_దరువు
ఇక్కడ మా ఆఫీసులో ఒక బల్గేరియా ఆయన ఉన్నాడు, వాళ్ల పెళ్లిళ్లలో రచెనిత్సా అనే ఆట ఆడతారు, 7/8, 2+2+3. ఆ పక్కనే మాసిడోనియాలో లెస్నోటో, అది 3+2+2, అచ్చం మన మిశ్రచాపులా. ఏడు అంకె ఒకటే, ఆట వేరు. మా అబ్బాయి అరంగేట్రానికి పిలిస్తే వచ్చి ఆయన మిశ్రచాపు దగ్గర కాళ్లు ఆపుకోలేకపోయాడు, పక్క సీటు ఆంటీ కంగారుపడింది.

ఊరికే_చదువుతా
ఆంటీ ఏ తాళంలో కంగారుపడిందో చెప్పలేదు.

ఓవర్‌లోడ్
లెక్క కుదర్చడం వరకు బాగానే ఉంది, కానీ తమ్ముడి ట్రాక్ "రెండో బార్‌కే విడిపోవడం" ఒత్తుల గొడవ కాదు. 3+4 అయినా 4+3 అయినా మొత్తం ఏడే, ప్రతి బార్ మొదట కలవాలి. కలవట్లేదంటే ట్రాక్ వేగమే వేరు.

మూడు ప్రశ్నలు. తమ్ముడు క్లిక్ వింటూ వాయించాడా, ఊరికే వాయించాడా? వాడి ఫైల్ పొడవు ఎంత చూపిస్తోంది? శ్రుతి సరిపోయిందా?

చిట్టితాళం
క్లిక్ ఫైల్ నేనే పంపాను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాయించానని ఒట్టేసి చెబుతున్నాడు. 20 బార్లు వాయించాడు, అంటే 30 సెకన్లు రావాలి, నా దగ్గర మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ తర్వాతి బార్ గీత దాకా 32.65 సెకన్లు ఉంది. శ్రుతి కూడా తేడాగానే ఉంది. రెండు శ్రుతికి (D) కట్టానన్నాడు, నా కీబోర్డ్ మీద చూస్తే ఒకటికీ (C) ఒకటిన్నరకీ (C#) మధ్యలో ఎక్కడో ఉంది. మృదంగానికి పూసే రవ్వ ముద్ద ఎండిపోయి దిగిందేమో అనుకున్నా.

విజీనగరం_వీణ
రవ్వ పెట్టేది ఎడమ పక్కకి నాయనా. శ్రుతి చూసేది కుడి పక్కన. పైగా రవ్వ ఎండితే బరువు తగ్గి నాదం పైకి పోతుంది, కిందకి దిగదు. మృదంగాన్ని అనకండి.

ఓవర్‌లోడ్
దొరికింది. 32.65ని 30తో భాగించండి, 1.088. ఇప్పుడు 48000ని 44100తో భాగించండి. అదే 1.088. ఫైల్ 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48000 శాంపిళ్లు) రికార్డ్ అయింది, మీ దగ్గర 44.1 అనుకుని వాయిస్తోంది. వేగం తగ్గింది, 140 కాస్తా 128.6 అయింది. శ్రుతి కూడా అదే పాళ్లలో సుమారు ఒకటిన్నర సెమిటోన్ (కీబోర్డ్ మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం) దిగింది. రెండు నుంచి ఒకటిన్నర సెమిటోన్ కిందకి అంటే ఒకటికీ ఒకటిన్నరకీ మధ్యే. మీ చెవి కరెక్టే, తమ్ముడి లయా కరెక్టే.

అయితే మామూలుగా రీపర్ ఇలా చేయదు, ఫైల్ తలకట్టు (మొదట్లో ఉండే వివరాలు, హెడర్) చదివి తనే మార్చుకుంటుంది. మధ్యలో ఏదో జరిగింది. ఫైల్‌ని ఏం చేశారు?

చిట్టితాళం
అయ్యో.

వాడి రికార్డర్ బ్యాటరీ సరిగ్గా ఆఖర్లో అయిపోయింది. ఫైల్ సైజు బాగానే ఉంది కానీ ఎందులోనూ తెరుచుకోలేదు. ఎక్కడో చదివి ఆడాసిటీ (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో "ఇంపోర్ట్ రా డేటా" కొట్టాను. 24 బిట్ పెడితే రేకుల షెడ్డు మీద వర్షం పడ్డట్టు వచ్చింది, 16 పెడితే మృదంగం వినపడింది, ఆ ఆనందంలో కింద శాంపిల్ రేట్ గడి చూడనే లేదు. 44100 అని ఉందేమో. మొదట్లో ఒక "టప్" శబ్దం కూడా వస్తోంది, తమ్ముడు మైక్ తన్నాడనుకున్నా.

ఓవర్‌లోడ్
ఆ టప్ కూడా తమ్ముడిది కాదు. వేవ్ ఫైల్ మొదట్లో ఉండే తలకట్టుని, మామూలుగా 44 బైట్లు ఉంటుంది, శబ్దం అనుకుని వాయించేసింది. రికార్డర్ ఆగేటప్పుడు ఆ తలకట్టులో పొడవు రాసి మూస్తుంది, బ్యాటరీ పోతే రాయదు, అందుకే ఫైల్ తెరుచుకోలేదు. మళ్లీ రా ఇంపోర్ట్ చేసి 48000 పెట్టండి, మొదట వదిలేయాల్సిన బైట్లు 44 అని ఇవ్వండి. ఇంకా టప్ మిగిలితే కత్తిరించేయండి. టైమ్ స్ట్రెచ్ జోలికి మాత్రం పోకండి, దెబ్బ అంచులు మెత్తబడిపోతాయి.

ఊరికే_చదువుతా
ఇప్పటివరకు తమ్ముడి మీద ఉన్న కేసులు: లయ తప్పడం, శ్రుతి దిగడం, మైక్ తన్నడం. మూడూ కొట్టేశారు. నష్టపరిహారం సంగతేంటి?

చిట్టితాళం
48000 పెట్టి చూశా. గీతల మీద గీతలు కూర్చున్నాయి. రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "నిద్రపోతున్నా" అని పెట్టేశాడు.

చర్చి_కీబోర్డ్
3/4, 6/8 గురించి ఎవరూ చెప్పలేదు. గుంటూరు దగ్గర మా చర్చిలో పాటల్లో సగం 6/8యే, పిల్లల కాయిర్‌కి నేను చెప్పేది ఇదే: రెండిట్లోనూ ఆరు ఎయిత్‌లే ఉన్నాయి, కట్టలు కట్టే తీరు వేరు. 6/8 అంటే తకిట తకిట, రెండు పెద్ద దెబ్బలు. 3/4 అంటే తక తక తక, మూడు దెబ్బలు. మీ 6/8 డెమోలో బేస్ 1, 3, 5 మీద కొడుతుంటే అది 3/4 అయిపోయినట్టే, పైన ఏం రాసుకున్నా సరే. 1 మీద, 4 మీద కొట్టించండి.

బీపీఎం దగ్గర కూడా జాగ్రత్త. కీబోర్డ్‌లో 6/8 రిథమ్ 80 అంటే ఆ పెద్ద దెబ్బకి 80. సాఫ్ట్‌వేర్‌లో చాలాచోట్ల క్వార్టర్ నోట్ లెక్క, అక్కడ అదే వేగానికి 120 పెట్టాలి. ఇది తెలియక క్రిస్మస్ పాట ఒకటి 80 పెట్టి ట్రాక్ చేశాను, పెద్ద దెబ్బ 53కి పడిపోయింది. కాయిర్ అంతా ఎవరో పోయినట్టు పాడారు.

ఓరుగల్లు_డప్పు
తీన్మార్ కొట్టేవాళ్లకి 6/8 అని చెప్పి చూడండి, ఏమీ అర్థం కాదు. కానీ ఒక్కడు కూడా దాన్ని 3/4లో కొట్టడు. పేరులో మూడు ఉన్నా నడక మాత్రం రెండు కాళ్ల మీదే. క్లిక్ పెట్టి రికార్డ్ చేద్దామని మా వాడకట్టు బ్యాచ్‌ని ఒకసారి కూర్చోబెట్టా. మెట్రోనోమ్ "టింగ్ టిక్ టిక్ టిక్ టిక్ టిక్" అంటుంటే వాళ్లలో పెద్దాయన "ఇది ఎవలిదో గడియారం, బంద్ చెయ్" అన్నడు. బంద్ చేసి, ముందు డప్పు రికార్డ్ చేసుకుని, దాని మీద టెంపో గీతలు నేను తర్వాత కూర్చుని పెట్టుకున్న. 40 బార్లకి రెండు బీపీఎం కూడా తేడా రాలె.

రాత్రిస్టూడియో
ఈ మాట చాలా విలువైంది. క్లిక్ మనిషికి అర్థమయ్యేలా లేకపోతే, క్లిక్ లేకుండా వాయించడమే మేలు.

చిట్టితాళం గారి మొదటి ప్రశ్న క్లిక్ గురించే కదా. 7/8కి మామూలు మెట్రోనోమ్ పెడితే మొదటి దెబ్బ "టింగ్", మిగతా ఆరూ ఒకటే "టిక్". అందులో 3+4 ఉందో 4+3 ఉందో ఎవరికి తెలుస్తుంది? మీ ఇద్దరు కళాకారులూ ఎవరికి నచ్చింది వాళ్లు ఊహించుకున్నారు. రీపర్‌లో టైమ్ సిగ్నేచర్ మార్కర్ వేసేటప్పుడు ఏ దెబ్బ బరువు, ఏది తేలిక అని వరుసగా ఇచ్చుకునే వీలుంది. నేను అది కూడా వాడను. ఖాళీ ట్రాక్ మీద రిమ్‌షాట్ ఒకటి, షేకర్ ఒకటి పెట్టుకుని నా చేత్తోనే క్లిక్ కట్టుకుంటా. 1, 4, 6 మీద రిమ్, మిగతా నాలుగు షేకర్. వాయించేవాడికి చెవిలో పాటలా ఉంటుంది, హెడ్‌ఫోన్ నుంచి మైక్‌లోకి కారినా మిక్స్‌లో పాటలో కలిసిపోతుంది, "టింగ్" మాత్రం పద్దెనిమిది ప్లగిన్లు వేసినా పోదు.

విజీనగరం_వీణ
గొంతుతో "తకిట తకధిమి" అని రికార్డ్ చేసి ఇవ్వండి, అంతకన్నా మంచి క్లిక్ లేదు. ఐదుకి "తక తకిట". మనది ఖండచాపు, 2+3. జాజ్ సంగీతంలో 5/4 చాలాసార్లు 3+2గా నడుస్తుంది, అక్కడ కూడా ఇదే గొడవ వస్తుంది, ముందే మాట్లాడుకోండి.

ఓవర్‌లోడ్
30 సెకన్లే కావాలి కాబట్టి ఒక చిన్న లెక్క. 20 బార్లు, 15 బార్లు అని కాకుండా 16 బార్లకి కట్టండి, నాలుగేసి బార్ల వాక్యాలు నాలుగు సరిగ్గా పడతాయి. 16 బార్లు 30 సెకన్లలో అంటే బార్ 1.875 సెకన్లు. అలా రావాలంటే బార్‌లో ఎన్ని క్వార్టర్లుంటే దాన్ని 32తో గుణిస్తే అదే బీపీఎం. 4/4కి 128. 3/4కి 96. 6/8కి కూడా 96, బార్‌లో మూడు క్వార్టర్లే కదా. 5/4కి 160. 7/8కి మూడున్నర క్వార్టర్లు, 112. అన్నీ పూర్తి అంకెలే, ఎడిటింగ్ వాళ్లు వీడియోని ఒకే చోట కోసి ఏ డెమో పెట్టినా కూర్చుంటుంది.

లూప్‌రాజా
ఇది దాచుకుంటున్నా.

విజీనగరం_వీణ
లెక్క అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ కాలప్రమాణం గడియారం చూసి పెట్టుకోవడం నాకు మింగుడు పడదు. ఐదుని 160లో పరిగెత్తిస్తే అది ఐదులా ఉంటుందా, పాడి చూశారా?

ఓవర్‌లోడ్
పాడలేదండీ. నేను లెక్కలే చేస్తాను, పాడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. 160 మరీ ఎక్కువ అనిపిస్తే 12 బార్లు చేసి 120 పెట్టుకోవచ్చు, అది కూడా సరిగ్గా 30 సెకన్లే.

రాత్రిస్టూడియో
16 బార్లకి 30 సెకన్లూ నింపేస్తే రివర్బ్ తోక ఎక్కడ పెడతారు? చివరి దెబ్బ మీద ఫైల్ కట్ అయితే ఎవరో ప్లగ్ పీకినట్టుంటుంది. వాయింపుని 14 బార్లకి ఆపి, మిగతా మూడు సెకన్ల పైచిలుకు తోకకి వదలండి.

ఎకో దగ్గర కూడా ఏడులో ఒక గమ్మత్తుంది. డిలేని క్వార్టర్‌కి సింక్ చేస్తే ఒకటి మీద వాయించిన స్వరం 3, 5, 7 మీద తిరిగొచ్చి, తర్వాతి బార్‌లో 2 మీద పడుతుంది. బార్ బార్‌కీ ఎదురు నడక. కావాలని చేస్తే బాగుంటుంది, తెలియక చేస్తే మిక్స్ అంతా గజిబిజి. ఎయిత్‌కి సింక్ చేసి ఫీడ్‌బ్యాక్ తగ్గించండి, మీ 140లో అది 214 మిల్లీసెకన్లు. సందేహం ఉంటే డిలే తీసేయండి, బేసి తాళాల్లో ఖాళీయే అందం.

డల్లాస్_దరువు
డెమోకి ఇంత మిక్సింగ్ అవసరమా అని నాకో అనుమానం. ఆ కుర్రాళ్లు ఎలాగూ ఫోన్ స్పీకర్‌లో వింటారు.

రాత్రిస్టూడియో
ఫోన్ స్పీకర్‌లో వింటారు కాబట్టే కావాలి. మృదంగం ఎడమ పక్క గుమ్కీ (లోతైన నాదం) ఫోన్‌లో అసలు వినపడదు, తాళం అర్థం కావడానికి కుడి పక్క దెబ్బలే దిక్కు. కీబోర్డ్ ప్యాడ్ వాటి మీద దుప్పటిలా కప్పేస్తే మీ మిశ్రచాపు ఎవరికీ తెలియదు. ప్యాడ్‌లో 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డీబీ తగ్గించండి, మృదంగం తనే పైకి వస్తుంది. రెండు మైకులతో తీసేవాళ్లయితే మోనోలో ఒకసారి వినండి. కలిపినప్పుడు బక్కచిక్కితే ఒకదాని పోలారిటీ తిప్పండి. ఎడమని పూర్తిగా ఎడమకి, కుడిని పూర్తిగా కుడికి నెట్టకండి, ఆరడుగుల మృదంగం అయిపోతుంది.

చర్చి_కీబోర్డ్
ఐదిటి సౌండ్ లెవెల్ ఒకటే ఉండేలా చూసుకోండి. ఒకటి తర్వాత ఒకటి వింటారు కాబట్టి చిన్నగా వినపడినది చెడ్డదనుకుంటారు. స్పాటిఫై లెక్క మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినపడే గట్టితనం కొలత), అక్కడికి తెస్తే చాలు. పీక్ మైనస్ 1 డీబీ దాటనీయకండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే నలిపేసే అవకాశం ఉంది.

ఓవర్‌లోడ్
వాళ్లు లూప్ చేసి వాడేలా ఉంటే ఎమ్‌పీత్రీ వద్దు, వేవ్ ఇవ్వండి. ఎమ్‌పీత్రీ చేస్తే మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది, లూప్ తిరిగిన ప్రతిసారీ ఎక్కిళ్లు వస్తాయి. ఏడులో ఎక్కిళ్లు వస్తే ఏడున్నర అవుతుంది.

చిట్టితాళం
ఒకే ప్రాజెక్టా, ఐదా? దీనికి ఎవరూ జవాబివ్వలేదు.

రాత్రిస్టూడియో
ఐదు. ఒక టెంప్లేట్ చేసుకుని ఐదు సార్లు సేవ్ చేసుకోండి.

లూప్‌రాజా
ఒకటే. ఒకే టైమ్‌లైన్, తాళం మారిన చోట మార్కర్, ఒక్కో డెమోకి ఒక్కో రీజియన్, రెండర్ ఒకేసారి. ఈక్యూ ఒక చోట మారిస్తే ఐదిట్లోనూ మారుతుంది.

రాత్రిస్టూడియో
రెండో డెమో టెంపో కొంచెం మార్చగానే తర్వాతి మూడింటి ఆడియో ముక్కలన్నీ గ్రిడ్ నుంచి పక్కకి జరిగిపోతాయి, టైమ్‌బేస్ సెట్టింగ్ ముందే చూసుకోకపోతే. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి నాకు అదే జరిగింది. పొద్దున క్లయింట్ వచ్చేసరికి 5/4 పాట మీద 3/4 వయొలిన్ వాయిస్తోంది. ఆయన "ఇది కొత్తగా ఉందే" అన్నాడు, అది వేరే విషయం.

లూప్‌రాజా
చూశారా, క్లయింట్‌కి నచ్చింది.

బెజవాడ_మృదంగం
ఆ లయ తప్పిన తమ్ముణ్ణి నేనే. అన్నయ్య లింక్ పంపాడు, మొత్తం చదివాను. ఓవర్‌లోడ్ గారికి, టీచర్ గారికి నమస్కారం.

ఒకటి మాత్రం చెప్పాలి. నాకు పంపిన క్లిక్‌లో ఏడు దెబ్బలూ ఒకేలా ఉన్నాయి, గిటార్ లేదు. "140" అని మెసేజ్‌లో రాశాడు. మేం అక్షరానికి లెక్క పెట్టుకుంటాం, నా యాప్‌లో 140 పెట్టి ప్రాక్టీస్ చేసుకున్నా. తీరా ఫైల్ వింటే దానికి రెట్టింపు ఉరుకుతోంది. రెండు రోజులు మళ్లీ కూర్చున్నా. పదకొండో టేక్‌లో మా అమ్మ కుక్కర్ మూడో విజిల్ సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడింది, అది పంపుదామనుకున్నా కూడా. ఈ కష్టమంతా అయ్యాక "లయ తప్పావురా".

విజీనగరం_వీణ
ఎవరి దగ్గర నేర్చుకున్నావో గానీ, చేయి బాగుండే ఉంటుంది. అన్నయ్య వినిపిస్తే వింటాను.

ఊరికే_చదువుతా
కుక్కర్ టేక్ కూడా పెట్టండి.

చిట్టితాళం
అప్‌డేట్. గిటార్ ఫ్రెండ్ 3+4కి మారనన్నాడు, తమ్ముడు 4+3కి ఒప్పుకున్నాడు. విలోమ చాపు అనగానే వాడే ఉత్సాహపడ్డాడు. లూప్ తీసేశా. 112 పెట్టి 14 బార్లు, తర్వాత తోక. రిమ్‌షాట్, షేకర్ క్లిక్ 1, 3, 5 మీద కట్టి పంపాను. 6/8లో బేస్ 1, 4 మీదకి మార్చగానే మా ఆవిడ వంటింట్లోంచి "ఇది తీన్మారా" అని అడిగింది, కాబట్టి అది పాస్. 5/4ని 120కి దించాను.

టీచర్ గారి సలహా ప్రకారం గొంతుతో కూడా క్లిక్ చేసి పంపాను, "తకధిమి తకిట" అని.

బెజవాడ_మృదంగం
అన్నయ్యా, ఆ గొంతు క్లిక్ వద్దు. "తకిట" దగ్గర రాగం తీస్తున్నావ్, "ట" లేటుగా పడుతోంది. షేకర్‌దే చాలు. ఆదివారం వాయిస్తా. ఈసారి రికార్డర్ చార్జింగ్‌లో పెట్టే వాయిస్తా, 48లో, పేరు మీద కూడా 48 అని రాస్తా.

ఓవర్‌లోడ్
చార్జర్ పెట్టి రికార్డ్ చేస్తే కొన్ని రికార్డర్లలో సన్నగా "జుం" అని హమ్ వస్తుంది, ముందు పది సెకన్లు టెస్ట్ చేసుకోండి. లేకపోతే వచ్చే వారం "తంబురా ఎవరు వేశారు" అని ఇంకో థ్రెడ్ పడుతుంది.